నాకు ఓకే

కిందటి నెల తిరుపతిలో కంటి డాక్టరమ్మ నా రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి, శుక్లాలు రెండింటిలోనూ సమానంగానే ముదిరాయి, ముందు దేనికి ఆపరేషన్ చేయమంటారు అని అడిగితే, నేను ఆలోచన కూడా చేయకుండా ఎడమ కంటికే అన్నాను. పక్కనున్న మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. నలభై ఏళ్ళు మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది కుడి కన్ను కదా, కెమెరాకు ఆనించింది దాన్నే కదా, మర్యాదకైనా ముందు దానికి చూపు తెప్పించొద్దా అని దాని వాదన. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ ఎడమ కంటికి నేను చేసిన అన్యాయం ఆ ఇద్దరికీ ఏం తెలుసు? నా ఈడువాళ్ళు, సినిమా అంటే డబ్బాల్లో వచ్చే రీళ్ళేనని తెలిసినవాళ్ళు, మీరైతే అర్థం చేసుకుంటారని ఇదంతా రాస్తున్నాను.

మాది చిత్తూరు. బజారు వెనక సందులో ఒక చిన్న పెరుమాళ్ళ గుడి ఉంది, అందులో పూలమాలలు కట్టడం, తెర లాగడం మా ఇంటివాళ్ళ కైంకర్యం. తెర లాగడం కూడా ఒక పనేనా అని మీరు అనుకోవచ్చు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. స్వామికి అలంకారం జరుగుతున్నంతసేపూ, నైవేద్యం పెడుతున్నంతసేపూ ముందర తెర వేసి ఉంటుంది కదా, అలంకారం ముగిసి అయ్యవారు లోపలినుంచి గంట కొట్టగానే పక్కనున్న తాడు లాగి ఆ తెర తీయాలి. ఆ తాడు మా నాయన చేతిలో ఉండేది. నాయన స్వామివైపు వీపు పెట్టి జనం వైపు తిరిగి నిలబడేవాడు, గంట మోగినా వెంటనే లాగేవాడు కాదు. వెనక వరసలో ఎవరో ముసలామె ఇంకా చేతులు జోడించలేదు, ఎవరి చంకలోనో బిడ్డ ఏడుపు ఆపలేదు, ఒకాయన ఇంకా చెప్పులు భద్రంగా ఉన్నాయా లేదా అని వెనక్కి చూస్తున్నాడు, ఇవన్నీ సర్దుకుని అందరి చూపులూ ఒకచోటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు లాగేవాడు. లోపల అయ్యవారు విసుక్కునేవాడు, ఎన్నిసార్లు గంట కొట్టాలి నీకు అని. నాయన వినిపించుకునేవాడు కాదు. నేను చిన్నప్పుడు గుడికి వెళ్ళి స్వామికంటే ఎక్కువగా చూసింది ఆ తెర తెరుచుకున్న క్షణంలో జనం మొహాలనూ, వాటిని చూసే నాయన మొహాన్నీ. డైరెక్షన్ అనే మాట నాకు తెలిసేనాటికే ఆ పని ఏమిటో నాకు తెలుసనిపిస్తుంది ఇప్పుడు.

డైరెక్టర్ కావాలనే మద్రాసు బస్సెక్కాను. మా చిత్తూరు వాళ్ళకు అదేమంత దూరం కాదు గనక, పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుండేవాళ్ళం. కానీ తెరుచుకున్న తలుపు కెమెరా డిపార్టుమెంటుది. మా గురువుగారు తమిళుడు, తెలుగు సినిమాలకు కెమెరా చేసీ చేసీ ఆయన తెలుగు సగం మన యాస, సగం ఆయన యాస అయిపోయింది. లెన్సులు తుడవడం దగ్గర్నుంచి, ఎండ ముదిరే లోపు మొహం మీద నీడ ఎక్కడ పడనివ్వాలో అంతదాకా ఆ మహానుభావుడే నేర్పించాడు. ఆయనకు నాలో నచ్చనిది ఒకటే, నేను కుడి కన్ను కెమెరాకు ఆనించి ఎడమ కన్ను తెరిచే ఉంచేవాణ్ణి. దాన్ని మూయమనేవాడు. ఆ కన్ను తెరిచి ఉంటే అది కథ వెతుక్కుంటూ తిరుగుతుందని, కెమెరామన్‌కు కథతో పనిలేదని, వెలుతురొకటి చూసుకుంటే చాలని ఆయన సిద్ధాంతం. నేను సరే సార్ అనేవాణ్ణి, ఆయన అటు తిరగగానే మళ్ళీ తెరిచేవాణ్ణి. అలవాటు కాదు, ఆశ అది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ఆ రోజుల్లో మానిటర్లు లేవు, తీసింది వెంటనే చూసుకునే వీలు లేదు. షాట్ ఎలా వచ్చిందో ప్రపంచంలో ఒక్కడికే తెలుసు, కెమెరాకు కన్ను ఆనించినవాడికి. అందుకని కట్ చెప్పగానే డైరెక్టర్ మావైపు తిరిగి చూసేవాడు, మేం ఫోకస్సూ లైటూ సరిగ్గా ఉంటే 'నాకు ఓకే' అనేవాళ్ళం. వట్టి 'ఓకే' అనకూడదు. ఆ మాట డైరెక్టర్‌ది. నటులు బాగా చేశారా, భావం పలికిందా అనేది ఆయన తేల్చుకుని ఓకే అన్నాకే లైట్లు ఆర్పేవాళ్ళు, ఆర్టిస్టులు కదిలేవాళ్ళు. 'నాకు' అనే ఆ రెండక్షరాలు మా హద్దు. మానిటర్లు వచ్చేదాకా ఆ ఇరవై ఏళ్ళలో నేను ఎన్ని వేల సార్లు నాకు ఓకే అని ఉంటానో నాకే తెలియదు.

హద్దు దాటలేదా అంటే దాటాను, అబద్ధమెందుకు. ఒకసారి రేణిగుంట స్టేషన్లో హీరో హీరోయిన్ల వీడ్కోలు సీను తీస్తున్నాం. ఇద్దరూ బాగానే ఏడుస్తున్నారు. నా ఎడమ కంటికి మాత్రం పక్క ప్లాట్‌ఫారం మీద ఒకావిడ కనిపిస్తోంది, నిజం ప్రయాణికురాలు, గూడూరు బండి కదిలిపోతుంటే కిటికీలోంచి ఎవరికో తాంబూలం పొట్లం అందించాలని దాని వెంట నడుస్తోంది, అందడం లేదు. నా చేతులు నన్నడక్కుండానే కెమెరాను అటు తిప్పేశాయి. డైరెక్టర్ మండిపడ్డాడు, నువ్వేమైనా డైరెక్టర్‌వా అని పదిమందిలో అడిగాడు. సినిమాలో మాత్రం ఆవిడ ఉంది. చూసినవాళ్ళందరూ ఆ సీను గురించే మాట్లాడారని ఆయనే తర్వాత నాకు చెప్పి, ఇంకెప్పుడూ అలా చేయవద్దని కూడా చెప్పాడు. నాకు తిట్టు ఎంత తగిలిందో అంత సంతోషంగానూ ఉండింది, ఎవరికీ చెప్పుకోలేనంత సంతోషం.

మా ఆవిడది గూడూరు, నిమ్మకాయల వ్యాపారం చేసే ఇల్లు. మాటలో కూడా ఆ పులుపు కాస్త ఉండేది. నేను ఇంట్లో అన్నానికి కూర్చుని కిటికీ రెక్క సర్దుకుంటూ ఉంటే, అన్నం వెలుతురుతో తింటారా, చారుతో తింటారా అని అడిగేది. నా సంచిలో ఎప్పుడూ ఉండే నోటుపుస్తకం సంగతి ఆమెకు తెలుసు. అందులో ఉన్న కథ ఒకటే, తెర లాగే ఒక మనిషి కథ. ఇద్దరు ముగ్గురు నిర్మాతలు విన్నారు, బాగుందన్నారు, చేద్దామన్నారు. సరిగ్గా అప్పుడే ఏదో పెద్ద సినిమాకు కెమెరా చేయమని పిలుపు వచ్చేది, ఇది అయిపోగానే అది చేద్దాంలే అని నేనే వాయిదా వేసేవాణ్ణి. నన్నెవరూ ఆపలేదు, నిజం చెప్పాలంటే. కెమెరా నాకు పెళ్ళాం, డైరెక్షన్ నాకు మనసు పడిన పిల్ల అని స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ మాట ఒకసారి మా ఆవిడ చెవిన పడితే, మరి నేనెవర్ని అని అడిగింది.

అలా ఉండగా నాయనకు చూపు మందగించడం మొదలైంది. ముందు పూల రంగులు తేడాగా కట్టేవాడు, తర్వాత వెనక వరస మొహాలు ఆనడం లేదనేవాడు. నేను చిత్తూరు వెళ్ళినప్పుడు, ఆపరేషన్ చేయిద్దాం రా నాయనా, మద్రాసులో మంచి డాక్టర్లున్నారు అంటే నవ్వేశాడు. "బతుకంతా సామి ముందర తెర లాగితిని. ఇప్పుడు ఆ సామే నా కండ్ల ముందర తెర లాగినాడు, ఆయప్పకు ఇష్టమైనప్పుడు తీస్తాడులే" అన్నాడు. ఆ మాట విన్న మరుసటి రోజే నేను నోటుపుస్తకం బయటికి తీశాను. కథలోని మనిషి ఇంకెవరో కాదు, ఈయనే, ఈయన చేతిలో తాడు ఉండగానే ఈ సినిమా తీయాలి అనిపించింది. ఎన్నో ఏళ్ళ వాయిదా ఒక్క రాత్రిలో తేలిపోయింది.

పెద్ద సినిమాల షూటింగుల్లో మిగిలిపోయిన ముడి ఫిల్ము ముక్కలు, ఒక్కోటి నిమిషం, రెండు నిమిషాలకు సరిపోయేవి, తెలిసిన నిర్మాతలను అడిగి పోగుచేశాను. గురువుగారు తన పాత కెమెరా ఇచ్చాడు, ఇస్తూ, కెమెరా వేరేవాడి చేతిలో పెట్టి నువ్వు కుర్చీలో కూర్చోవయ్యా, రెండు పనులూ ఒక్కడివల్ల కావు అన్నాడు. నాయన మొహాన్ని ఇంకొకరి కంటికి అప్పగించడమా! నేనే చేసుకుంటాను సార్ అన్నాను. మా బంధువులే భక్తులు, మా ఆవిడ కూడా మూడో వరసలో పట్టుచీర కట్టుకుని నిలబడింది. నాయన తన పనే తాను చేస్తాడు గనక నటించేదేమీ లేదు.

మొదటి రోజు ఎంత నవ్వులపాలయ్యానో చెబుతాను. షాట్ అయిపోయింది, బాగా వచ్చింది, నేను కెమెరాలోంచి తల ఎత్తి అలవాటు కొద్దీ నాకు ఓకే అన్నాను. ఎవరూ కదలలేదు. అసిస్టెంట్లు నావైపు చూస్తున్నారు, నేను వాళ్ళవైపు చూస్తున్నాను, అందరం డైరెక్టర్ ఓకే చెబుతాడని ఎదురుచూస్తున్నాం, ఆ డైరెక్టర్ నేనేనని గుర్తొచ్చేసరికి కాసేపు పట్టింది. అంతసేపూ నాయన తాడు పట్టుకుని కదలకుండా నిలబడే ఉన్నాడు. ఓకే అనే మాట వింటే తప్ప తాడు వదలకూడదని నేనే ఆయనకు నేర్పించాను, ఆయన దాన్ని కూడా కైంకర్యంలో భాగంగానే తీసుకున్నాడు. ఇలా రోజుకు నాలుగైదుసార్లు జరిగేది. "ముందర మీలో మీరు మాట్లాడుకుని ఒక మాట మీదికి రాండిరా, నా చెయ్యి గుంజతా ఉండాది" అని నాయన అంటే గుడంతా నవ్వింది.

చివరి షాట్ తెర తెరుచుకునేది. గుడి పెద్దలు ఒక్క పూట అనుమతి ఇచ్చారు, ఉత్సవమూర్తిని ముందరి మండపంలో వేంచేపు చేస్తారు, కానీ స్వామి ఫిల్ములో పడకూడదని షరతు. నాకూ కావలసింది స్వామి కాదు గనక, కెమెరాను స్వామి పక్కన స్తంభం చాటున పెట్టి జనం వైపు తిప్పాను. గుడిలో ఎప్పుడూ దీపాల వెలుతురే. నేను వాకిట్లో రెండు వెండికాగితం అట్టలు నిలబెట్టించి, తూర్పు ఎండను వాటితో లోపలికి తిప్పాను. ఒకటి నాయన మీదికి, రెండోది స్వామి మీదికి, స్వామి నగల మీద పడిన ఆ వెలుతురు తిరిగి జనం మొహాల మీద ఆడాలని నా ఊహ. ఎంత బాగుందో చెప్పలేను. నా జీవితంలో నేను చేసిన అత్యుత్తమమైన లైటింగ్ అదే, దాన్ని చూసి నేనే మురిసిపోయాను, తప్పంతా ఆ మురిపెంలోనే ఉంది.

గంట మోగింది. నాయన ఎప్పటిలాగే ఆగాడు, ఆగి, తెర లాగాడు. జనం మొహాలు వెలిగాయి. అక్కడితో షాట్ అయిపోవాలి. కానీ నాయన చేతిలో తాడు అలాగే ఉంచుకుని, మెల్లగా వెనక్కి తిరిగాడు. నేను చెప్పలేదు, కథలో లేదు. యాభై ఏళ్ళు ఆ తాడు పట్టుకుని జనం వైపే నిలబడిన మనిషి మొదటిసారి స్వామివైపు తిరిగాడు, స్తంభం చాటున ఉన్న నా కెమెరాకు ఆయన మొహం నిండుగా వచ్చేసింది. ఆ మొహంలో ఏదో మొదలవుతోంది. నా ఎడమ కన్ను దాన్ని చూస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే బయట ఎండకు మబ్బు అడ్డం వచ్చి, కుడి కంటిలో వెలుతురు సగానికి పైగా పడిపోయింది. మిషన్‌లో ఫిల్ము కొంచెమే మిగిలుంది, ఉన్నదొక్క ముక్క, చీకటి షాట్ మీద తగలేస్తే ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తాను అనుకున్నాను. లైటు పోయింది, కట్ అని అరిచాను.

మబ్బు పోయాక, మిగిలిన ఫిల్ముతో మళ్ళీ తీశాం. వెనక్కి తిరగమని ఈసారి నేనే చెప్పాను, నాయన బుద్ధిగా తిరిగాడు, స్వామిని చూశాడు, కానీ అది చెబితే చేసిన పని. లైటు మాత్రం అద్భుతంగా ఉండింది. ఆ షాటే సినిమాలో ఉంది.

మధ్యాహ్నం అందరం మండపం వెనక పులిహోర తింటుండగా మా ఆవిడే అడిగింది, మొదటిసారి ఎందుకు తిరిగారు మామా అని. నాయన విస్తరిలోనే చూస్తూ చెప్పాడు. "నాలుగేండ్లాయె అమ్మా, సామి మొగం నాకు మసకే. ఈపొద్దు వీడు పెట్టిన ఎలుతురులో కండ్లూ ముక్కూ నామం, అన్నీ కనపడినాయి. దాంతో ఇంగేమీ గుర్తు లేదు నాకు. సూస్తా ఉండంగానే లైటు పాయె అని వీడు అరిసె." కోపంగా చెప్పలేదు. నావైపు తిరిగి, నీ తప్పేముంది రా, మబ్బు కదా అని కూడా అన్నాడు. నేను విస్తరి మడిచి లేచాను.

మద్రాసు వెళ్ళే బస్సులో, పుత్తూరు దాటాక మా ఆవిడ అంది, "కెమెరా కాడ ఇంకెవురన్నా ఉండుంటే మీరు కట్ చెప్పుండరు." అంతే. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. గురువుగారు అంతకుముందే చెప్పిన మాటే అది, కానీ ఆయన చెప్పినప్పుడు అది పనికి సంబంధించిన సలహా.

సినిమా పూర్తయింది, చిత్తూరులో ఒకసారి, తిరుపతిలో ఒకసారి చూపించాం, చూసినవాళ్ళు ఫోటోగ్రఫీ చాలా బాగుందన్నారు. ఒక్కరంటే ఒక్కరు డైరెక్షన్ గురించి మాట్లాడలేదు. నేను మళ్ళీ కెమెరా పనిలోకి వెళ్ళిపోయాను, మంచి పేరే వచ్చింది, ఇల్లు గడిచింది, అమ్మాయి చదువు అయింది. మార్పు ఒక్కటే, ఆ రోజు నుంచి నేను ఎడమ కన్ను మూసుకుని పనిచేశాను. గురువుగారు చూసి సంతోషించాడు, ఇన్నాళ్ళకు బాగుపడ్డావన్నాడు. నాయన ఆపరేషన్‌కు చివరిదాకా ఒప్పుకోలేదు. నేను బతిమాలినప్పుడల్లా, చూడాల్సింది ఆ పొద్దే చూసేసినా కదా, సాల్లే అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన పోయారు, గురువుగారు పోయారు, మా ఆవిడ పోయి ఆరేళ్ళవుతుంది.

ఆపరేషన్ అయిన వారానికి మా అమ్మాయి ఒక సంగతి బయటపెట్టింది. అటకమీద ఉన్న నా పాత డబ్బాలు, మూత తీస్తే పులిసిన వాసన కొట్టేవి, నాకు చెప్పకుండా చెన్నైకి పంపి వాటిలో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించిందట. పనికిరాని షాట్లను మేం ప్రింటు వేయించేవాళ్ళం కాదు, మీకు తెలుసో లేదో, అవి నెగటివ్‌గానే డబ్బాలో పడి ఉండేవి. అంటే ఆ మొదటి షాట్‌ను ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు, నేను కూడా, ఆ రోజు కెమెరాలోంచి తప్ప. ఇప్పుడు షూటింగుల్లో ఇరవైమంది మానిటర్ చుట్టూ మూగి ఉంటారు, తీసింది తీసినట్టే చూస్తారు, నచ్చకపోతే మళ్ళీ తీస్తారు, మబ్బు వచ్చినా తర్వాత ఆఫీసులో కూర్చుని ఎండ తెప్పిస్తారు. మంచిదే, నేనేమీ ఏడవడం లేదు. కానీ ఒక్క మనిషి కంటిని నమ్మి ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడే ఆ క్షణం ఇప్పుడు లేదు, ఆ నమ్మకమూ లేదు, ఆ నమ్మకం తప్పితే పడే బాధా లేదు.

అమ్మాయి కిటికీ తెర వేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చూపించింది. కుడి కంటికి ఇంకా పొర అలాగే ఉంది, ఎడమ కంటితోనే చూశాను. తెర తెరుచుకుంది. మూడో వరసలో మా ఆవిడ, ఎంత చిన్నదో. నాయన తాడు పట్టుకుని మెల్లగా తిరిగాడు, మబ్బు వచ్చింది, వెలుతురు తగ్గింది, తగ్గిన ఆ వెలుతురులో దీపాల రంగు పైకొచ్చింది, ఆ దీపం వెలుగులో నాయన కళ్ళు ఇంకా ఇంకా పెద్దవి చేసుకుని, పోతున్న చూపును పట్టుకోవాలన్నట్టు స్వామివైపు ఒక్క అడుగు వేశాడు. అంతే, కెమెరా ఆగిన చోటు, అంతా తెల్లగా అయిపోయింది. ఆ అడుగు సంగతి నాకు తెలియదు. అప్పటికే నేను కెమెరా మీదనుంచి తల ఎత్తి మబ్బుకేసి చూస్తున్నాను.

దీన్నేమైనా సరిచేశావా, వెలుతురు పెంచావా అని అమ్మాయిని అడిగాను. లేదు నాన్నా, ఉన్నది ఉన్నట్టే అంది. వెలుతురు సరిపోయింది. ఆ రోజు కూడా సరిపోయింది.

ఎలా ఉంది నాన్నా షాట్ అని అడిగింది. నాకు ఓకే అనబోయి ఆగాను. ఓకే అన్నాను, వట్టి ఓకే. అమ్మాయి కిటికీ తెర తీయడానికి లేచింది. నాయన అప్పటినుంచీ ఆ మాట కోసం తాడు వదలకుండా అక్కడే నిలబడి ఉన్నట్టు నాకనిపించింది.